పనికి అర్హత

గ్రామీణ కుటుంబమునకు ఏటేట నూఱు దినముల పని గల్పింపవలెనని 2005 నాటి ఉపాధిహామీ చట్టము శాసించెను. పదునెనిమిదేండ్లు నిండి కాయకష్టమునకు సిద్ధపడుటయే అందు అర్హత; దారిద్ర్యమునకు నిదర్శన పత్రము నడుగలేదు. అడిగిన పదునైదు దినములలో పని చూపనిచో భృతి నీయవలసియుండెను. 2025లో దాని స్థానమున వచ్చిన చట్టము ఈ యర్హతను మార్చక దినములను 125కు పెంచినది. కాని నాట్లు, కోతల కాలమున అఱువది దినములవరకు పని నిలుప వీలు గల్పించినది. అపుడు వాడపల్లివంటి గోదావరీతీర గ్రామములలో కూలివానికి భూస్వామి పొలమే దిక్కు. కావున ఆ దినములలో ప్రభుత్వపు కూలికి తక్కువ గాకుండ నిచ్చుట రైతుల విధి. చట్టము తమకొఱకు పని నాపినపుడు, తాము ధర్మము నాపరాదు. గ్రామసభలు ఈ విషయమును వెంటనే విచారించుగాక!