కప్పగా మారిన కన్య

మన బిడ్డలు సెలవుదినములందు చూచెడి బొమ్మల చలనచిత్రములలో చేతితో గీసినవి కొన్ని, కంప్యూటరుతో కల్పించినవి కొన్ని. డిస్నీ సంస్థవారు 2004 తరువాత చేతిగీతల పద్ధతిని విడిచిపెట్టి, మరల 2009లో 'ది ప్రిన్సెస్ అండ్ ది ఫ్రాగ్' అను పాటలకథను ఆ పద్ధతిలోనే వెలువరించిరి. 'ది లిటిల్ మెర్‌మెయిడ్' (1989), 'అలాద్దీన్' (1992) చిత్రములను నడపిన రాన్ క్లెమెంట్స్, జాన్ మస్కర్ అనువారే దీనికిని దర్శకులు. కావున పాతవానితో దీనిని తూచి చూచుట అన్యాయము కానేరదు.

మొదట పాటల సంగతి. సముద్రకన్య చిత్రమునకు అలన్ మెంకెన్ స్వరములు కూర్పగా హోవర్డ్ ఆష్మన్ పాటలు వ్రాసెను. ఆయన నాటకశాలలో ఆరితేరినవాడు. నాయిక తన కోరికను ఆదిలోనే పాడినగాని ప్రేక్షకులకు ఆమెపై మమకారము పుట్టదని ఆయన తలంపు. ఆ కన్య మానవలోకమును కోరి పాడు పాటను, ముందుగా చూపిన ప్రదర్శనమున పిల్లలు నిలకడ లేక కదలిరని, తీసివేయదలచినవారును గలరు. ఆష్మన్ మొదలగువారు అడ్డుపడి నిలిపిరి. ఆ పాట లేనిచో ఆమె కంఠమును కోల్పోయినప్పటి దుఃఖము మనకు పట్టునా?

కొత్త చిత్రమునకు సంగీతము రాండీ న్యూమన్ సమకూర్చెను. కథ 1920 ప్రాంతపు న్యూ ఆర్లియన్స్ నగరమున జరుగును గనుక ఆ యూరి జాజ్ బాణీలే ఇందు వినవచ్చును. రెండు పాటలు ఆస్కారు పోటీకి నిలిచినను బహుమానము రాలేదు. వినుచున్నంతసేపు కాలు తాళము వేయును. మరునాడు వంటయింట పని చేసికొనుచుండగా మాత్రము అవి నోటికి రావు. పాతవి వచ్చును. ఈ కొరత చిన్నది కాదు.

చిత్రలేఖనమున లోపమెంచ వీలులేదు. నాయిక టియానా తన భోజనశాలను ఊహించుకొను ఘట్టమును ఆరన్ డగ్లస్ అను నల్లజాతి చిత్రకారుని శైలి ననుసరించి గీసిరి. పాత చిత్రములందును అంతటి సొగసు అరుదు.

ఇక నాయిక. సముద్రకన్య ఒక పురుషునికొరకు కంఠమునే ఇచ్చివేసెను. ఆడపిల్లలు గల తల్లులకు ఈ బేరము మ్రింగుడుపడదు. టియానా కుట్టుపని చేయు తల్లి కూతురు. తండ్రి బ్రతికియున్న దినములలో బిడ్డతో గూడి గంబో అను పులుసు వండి ఇరుగుపొరుగువారికి పెట్టెడివాడు. నక్షత్రమును కోరుకొనుట మంచిదే గాని తక్కిన దారి మన శ్రమతోనే నడువవలెనని ఆయన ఆమెకు నేర్పెను. తండ్రి గతించిన పిదప ఆమె రెండుచోట్ల వడ్డనపని చేయుచు, చిల్లర నాణెములను డబ్బాలలో దాచును. పోపులపెట్టెలో రూపాయి దాచిన మనకు ఆ డబ్బాల బరువు ఒకరు చెప్పవలెనా? తుదకామె వివాహమాడును, భోజనశాలయు తెరచును. ఒకదానికొరకు రెండవదానిని విడువదు.

అయితే ఒక ఫిర్యాదు కలదు. డిస్నీ రాకుమార్తెలలో మొదటి నల్లజాతి కన్యను చూపుచు, కథ మూడవపాలు గడచునప్పటికే ఆమెను కప్పగా మార్చి, దాదాపు తుదివరకు అట్లే ఉంచిరి. ఇన్నేండ్లకు తమ పోలిక గల ముఖమును చూడవచ్చిన బిడ్డలకు పచ్చని కప్ప కనబడినది! అమెరికాలో పలువురు దీనిని ఆక్షేపించిరి. ఆ యాక్షేపణ సరియైనదనియే నా యభిప్రాయము. నడుమభాగము కొంత సాగదీసినట్లుండుటకును ఇదియే కారణము.

అయినను ఆ నడుమనే ఒక చక్కని ఘట్టము గలదు. బురదనేలలో టియానా వంటకు పూనుకొని, తనవలెనే కప్పయైన రాకుమారునిచేత పుట్టగొడుగు తరిగించును. జన్మలో కత్తి పట్టనివాడు! మొదట ఒక్క ముక్కకే ఆపసోపాలు పడి, క్రమముగా ఆ పనిలో లీనమగును. కుమారులు గల తల్లులు ఆ ఘట్టము వచ్చునప్పుడు వారిని పిలిచి దగ్గర కూర్చుండబెట్టుకొనవచ్చును.