స్టెంటు తేదీ సంఘానికీ గుర్తుండాలి



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు ఎవరికైనా కాలేయ మార్పిడి అవసరమైతే హైదరాబాదో, వేలూరో, చెన్నయో పోవలసిందే. అప్పుడు సంఘమంతా ప్రార్థిస్తుంది, చందా వేస్తుంది. మనిషి క్షేమంగా ఇల్లు చేరితే స్తుతి కూటము పెడతాము. మంచిదే. కాని అంతటితో మన బాధ్యత తీరిందనుకోవడం సరికాదని మా అభిప్రాయం.

కొత్త కాలేయం పెట్టేటప్పుడు పైత్యరసం ప్రవహించే నాళాన్ని కూడా కుట్లతో అతుకుతారు. అది సన్నని నాళం. అతుకు దగ్గర పైత్యరసం కారవచ్చు, లేదా కొన్ని నెలలకు నాళం ఇరుకు కావచ్చు. మార్పిడి జరిగిన నూరుమందిలో సుమారు 10 నుండి 30 మందికి ఈ ఇబ్బంది వస్తుంది. బతికున్న బంధువు కాలేయంలో భాగం ఇచ్చినప్పుడు ఇది మరికొంత ఎక్కువ.

సంతోషించవలసిన సంగతేమంటే, చాలామందికి మళ్లీ పొట్ట కోయనక్కరలేదు. నోటి ద్వారా ఎండోస్కోపు గొట్టాన్ని చిన్నపేగు దాకా పంపి, నాళాన్ని బెలూనుతో వెడల్పు చేసి, స్టెంటు అనే చిన్న గొట్టం పెడతారు. దీనినే ఇ.ఆర్.సి.పి. అంటారు. ఈ పద్ధతిలో పరీక్ష 1968లో, చికిత్స 1974లో మొదలైనవి. వేలూరు సి.ఎం.సి.లోనూ, డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి గారు స్థాపించిన హైదరాబాదు ఏషియన్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ దీనిని చేస్తారు. గొట్టం అందని కొందరికి చర్మం గుండా సూదితో దారి చేస్తారు.

అయితే ప్లాస్టిక్ స్టెంటు కొన్నాళ్లకు మూసుకుపోతుంది. సాధారణంగా మూడు నెలలకొకసారి చొప్పున, దాదాపు సంవత్సరం పాటు మారుస్తూ ఉండాలి. చిక్కంతా ఇక్కడే. రోగికి నొప్పి ఉండదు, అన్నం తింటాడు. "శనగ కోతలు కానీ, చీనీకాయలు అమ్మినాక పోదాంలే" అంటారు ఇంట్లోవాళ్లు. స్టెంటు మూసుకుపోతే నాళంలో చీము చేరి, విషం రక్తానికెక్కి ప్రాణం మీదికి వస్తుంది.

కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగైనా, మలం తెల్లబడినా, ఒళ్లంతా దురద పుట్టినా ఆలస్యం చేయకండి. చలితో జ్వరం వస్తే ఆ రాత్రే దగ్గరి ఆసుపత్రికి రండి, మార్పిడి చేసిన డాక్టరుకు ఫోను చేయించండి. మామూలు కామెర్లేనని పసరు తాగించవద్దు, వాతలు పెట్టించవద్దు. పసరు మందు కొత్త కాలేయాన్ని కాపాడే మాత్రలను చెడగొట్టవచ్చు. ఆ మాత్రలను సొంతంగా ఆపవద్దు.

"దేవుడు స్వస్థపరచినాక మళ్లీ ఆసుపత్రి ఎందుకు?" అని కొందరు విశ్వాసులు అంటారు. స్టెంటు మార్చుకోవడం అవిశ్వాసం కాదు, దేవుడిచ్చిన ప్రాణాన్ని జాగ్రత్త చేసుకోవడమే.

కనుక మా మనవి ఇది. ఆపరేషనుకు వేసిన చందాలో కొంత తిరుగు ప్రయాణాలకని తీసిపెట్టండి. బస్సు చార్జీ, లాడ్జి ఖర్చు, తోడుపోయినవారి కూలి, అన్నీ లెక్కలోకి రావాలి. స్త్రీల మైత్రిలో ఒక అక్క ఆ తేదీని క్యాలెండరులో రాసుకొని, వారం ముందే ఆ ఇంటికి పోయి గుర్తు చేయాలి.

మంచి సమరయుడు గాయపడినవానిని సత్రంలో చేర్చి ఊరుకోలేదు. తరువాతి ఖర్చుకు డబ్బిచ్చి, తిరిగి వస్తానని కూడా చెప్పి వెళ్లాడు. మనమూ ఆ తరువాతి ఖర్చును మరువకుందము.