పడవ ముందే ఉండవలెను



2024 డిసెంబరు 2వ తేదీ ఉదయమునకు ముగిసిన ఇరువదినాలుగు గంటలలో మన కృష్ణగిరి జిల్లా ఊత్తంగరైలో 50 సెంటీమీటర్ల వర్షము కురిసినది. బస్‌స్టాండు దగ్గర నిలిపిన వాహనములు వరదలో కొట్టుకొనిపోయినవి. మనది మెట్టసీమ, ఇచ్చట పడవతో పనేమి అనుకొనుటకు ఇక వీలులేదు.

జాతీయ విపత్తు దళమువారి 4వ బెటాలియను అరక్కోణములో ఉన్నది. అచ్చటినుండి ఊత్తంగరై 150 కిలోమీటర్లకు పైమాటే. పడవను ట్రెయిలరుపై కట్టి, ఇంజను, మోకులు మరొక బండిపై వేసికొని, నీరు పొర్లు రోడ్లపై వచ్చుసరికి పుణ్యకాలము కాస్తా గడచిపోవును.

2018-19లో వందవాసి ప్రాంతమునుండి బెంగుళూరుకు ఏకశిలా విగ్రహమును 240 చక్రముల వాహనముపై కృష్ణగిరి, హోసూరుల మీదుగా తరలించిరి. వంతెనలు ఆ బరువు మోయవని నదులలో మట్టిబాటలు వేసిరి. దేవునికై అంత చేసిన సీమలో మనుష్యులకై తాలూకాకొక పడవబండిని సిద్ధముగా ఉంచుట భారమా?

ఇండెంట్లు వ్రాసి వ్రాసి నేను నేర్చినదొక్కటే: అక్కర పడినపుడు కోరిన వస్తువు అక్కర తీరిన పిదప వచ్చును. ఏటేట ఈశాన్య ఋతుపవనమునకు ముందే పడవను, ట్రెయిలరు చక్రములను పరీక్షింపవలెనని అధికారులకు నా మనవి.

— విశ్రాంత గుమాస్తా, హోసూరు