దూరపు కొండలు

కొత్తగా డిజిటల్ కెమెరా కొన్నవాళ్ళని ఏ జూమ్ లెన్స్ కొన్నారని అడిగి చూడండి. "300 అండీ!" అంటారు, ఆస్తి లెక్క చెప్పినట్టు. 300 మిల్లీమీటర్లన్నమాట. ఎందుకూ? దూరంగా ఉన్నవి దగ్గరికొస్తాయిట! వంకాయ కొనేటప్పుడు పుచ్చేమోనని తిప్పి తిప్పి చూసే మనం, వేలు పోసే లెన్స్ దగ్గర మాత్రం పెద్ద అంకె కనబడగానే పర్సు తీసేస్తాం.

లెన్స్ బొమ్మనొక్కదాన్నే దగ్గరికి లాగదు. చేతి వణుకునీ లాగుతుంది. మామూలు డిజిటల్ ఎస్సెల్లార్‌లో 300 దగ్గర బొమ్మ అలుక్కుపోకుండా ఉండాలంటే షట్టరు సెకనులో 500వ వంతులో తెరుచుకు మూసుకోవాలి. ఎండలో సరే. సాయంత్రం స్టేజీ మీద మీ అమ్మాయి నాట్యానికి అంత వెలుతురెక్కడిది? పైగా చౌక జూములు చాలావరకు పూర్తిగా లాగేసరికి ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతాయి. ఎఫ్ 2.8లో వచ్చే వెలుతురులో అది నాలుగోవంతే!

75-300ల్లో వణుకుని సర్దే స్టెబిలైజర్ లేనివి ఉన్నాయి. 55-250ల్లో ఉన్నవి దొరుకుతాయి. ఆడే పిల్లని అది ఆపలేదు గానీ మన చేతిని ఆపుతుంది. 50 మిల్లీమీటర్ల గొప్ప కోసం దాన్ని వదులుకోవడం ఏం తెలివి?

ఇక, కెమెరాతో వచ్చిన 18-55ని చూసి మూతి విరిచే పెద్దమనుషులు వేరే. పెళ్ళిపందిరి, వంటిల్లు, చంటిపిల్లలు అన్నీ అందులో పడతాయి కదా! చాలకపోతే ముందు వరసలోకి నడవండి. ఆడవాళ్ళం ఎంతకాలం వెనక కుర్చీల్లోంచి జూములు లాగుతూ కూర్చుంటాం?

దూరపు కొండలు నునుపని పెద్దలెందుకన్నారో వణికిన ఫోటో చూస్తే తెలుస్తుంది. అందులో రాయీ కనబడదు, చెట్టూ కనబడదు!