రెండు స్ప్రింగుల సైకిలు

మిర్యాలగూడనుండి సోదరి యొకరు మాకు జాబు వ్రాసినారు. బాల్యమున తమ గ్రామమునుండి ఉన్నత పాఠశాలకు దినమును సైకిలుపై పోయి చదువుకొన్నారట. వివాహమైన పిదప 18 ఏండ్లు దానిని ముట్టలేదట. ఇప్పుడు పిల్లలు పెద్దవారైరి. తెల్లవాఱుజామున గంటసేపు తీరిక దొరకుచున్నది. మరల త్రొక్కవలెనని కోరిక పుట్టినది. హైదరాబాదులో చదువుచున్న కుమారుడు, ముందు వెనుకల రెండింటను స్ప్రింగులున్న ఫుల్ సస్పెన్షన్ కొండసైకిలే కొనుమని పట్టుబట్టినాడు. భర్తగారు పదివేలలో రెండు స్ప్రింగులదే యొకటి చూచి వచ్చినారు. అత్తగారు, ‘ఈ వయసున ఇదేమి వేడుక?’ అనుచున్నారు. చీటీపాట సొమ్ము చేతిలో నున్నది. ఏది కొనవలెనని వారి ప్రశ్న.

అత్తగారి మాటకు పుదుక్కోట స్త్రీలు మునుపే సమాధానము చెప్పియున్నారు. 1991-92 సంవత్సరములలో తమిళనాట ఆ జిల్లాకు కలెక్టరుగా నుండిన షీలా రాణి చుంకత్ గారు అక్షరాస్యతోద్యమముతో కూడ స్త్రీలకు సైకిలు నేర్పించు పని చేపట్టిరి. వేలకొలది గ్రామీణ స్త్రీలు నేర్చిరి. ఆడవారి సైకిళ్లు చాలకపోగా, అడ్డుగొట్టమున్న మగవారి సైకిళ్లనే ఎక్కిరి. కావున వయసు మాటయు, గొట్టము మాటయు విడిచి, అసలు సంగతికి వచ్చెదము.

ఆ సోదరి యెఱిగిన సైకిలు వేఱు, నేటిది వేఱు. నాటి నల్లసైకిలు 20 కిలోల వఱకు తూగెడిది. నేటి రెండు స్ప్రింగుల మంచి సైకిలు ఇంత సామగ్రి నుండియు సాధారణముగా 13 మొదలు 16 కిలోలే యుండును. ముందు పళ్లచక్ర మొకటే. వెనుక 12 ఉండును. వెనుకవానిలో పెద్దదానికి 50కి పైగా పళ్లుండుటచే మిట్ట నెక్కునపుడు కాలికి భారము తోపదు. రబ్బరు ముక్కలు రిమ్మును పట్టుట పోయి, చక్రము నడుమనున్న ఇనుప పళ్లెమును నూనె ఒత్తిడితో బిగబట్టు బ్రేకులు వచ్చినవి. ఒక్క వ్రేలితో నొక్కిన చాలును. చిన్న చేతులవారికై ఆ బ్రేకుపిడిని దగ్గఱకు జరుపు మరయుండును. దుకాణమువారు తమంత చెప్పరు, మనమే అడుగవలెను. ఏ చేతి పిడి ముందుచక్రమునదో గూడ ఎక్కుటకు మునుపే తెలిసికొనవలెను. అది సైకిలు సైకిలుకు మాఱును.

వీనియన్నిటిలో మాకు నచ్చినది సీటు గొట్టము. హ్యాండిలుపై నున్న మీట నొక్కి కూర్చున్నచో సీటు క్రిందికి దిగును. లేచి మరల మీట నొక్కినచో పైకి వచ్చును. దీనిని కొండ దిగువారి కొఱకు కల్పించిరి గాని, ఏండ్ల తరబడి సైకిలెక్కనివారికి ఇంతకు మించిన ఉపకారము లేదు. ఆగినపుడు సీటు దించి రెండు పాదములను నేల కానించుకొనవచ్చును. పడిపోవుదుమను బెదురు సగము తీఱును. దీనిని ఒక్క స్ప్రింగు సైకిళ్లకును విడిగా బిగించుకొనవచ్చును. గొట్టపు కొలత సరిపడిన చాలును.

ఇక స్ప్రింగులు. 1976 ప్రాంతమున అమెరికాలోని కాలిఫోర్నియాలో, మారిన్ అను చోట, కొందఱు యువకులు పాత బరువు సైకిళ్లపై కొండదిగు పందెములు పెట్టుకొనిరి. ఒక్కసారి దిగునప్పటికే చక్రములోని బ్రేకునకు పూసిన గ్రీజు కాగి పొగయై పోయెడిది. మరల నింపవలసి వచ్చెడిది. మరల నింపుట యను అర్థముతోనే ఆ పందెమునకు ‘రీప్యాక్’ అను పేరు వచ్చినది. అట్టి దిగుడు త్రోవలలో చక్రము రాళ్లపై నెగిరిపడక నేల నంటియుండుటకై మొదట ముందు ఫోర్కునకును, 1990 తరువాతి యేండ్లలో వెనుకకును స్ప్రింగులు వాడుకలోనికి వచ్చినవి. కావున వెనుక స్ప్రింగు మెత్తని ఆసనము కొఱకు పుట్టినది కాదు. నేలపై పట్టు కొఱకు పుట్టినది.

మన మూడు పట్టణముల నడుమ అట్టి త్రోవ యెంత కలదు? 1967లో నాగార్జునసాగరపు ఎడమకాలువకు నీరు వదలిన నాటినుండి మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములు వరిపొలములతో నిండినవి. కాలువకట్టలు, డొంకలు, కోతల కాలమున వడ్లు ఆరబోసిన రోడ్లు: ఇవియే మన దారులు. సూర్యాపేటనుండి కోదాడ పోవు 65వ జాతీయ రహదారి నునుపుగా నున్నదని అందు త్రొక్కుట వలదు; లారీల వేగమునకు ఏ స్ప్రింగును అడ్డురాదు. ఫణిగిరి బౌద్ధక్షేత్రపు గుట్ట నెవరైన తలచినచో, సైకిలు క్రింద నిలిపి నడచి యెక్కుటయే మర్యాద. వానకాలమున నల్లరేగడి చక్రమునకును ఫోర్కునకును నడుమ దూరి గట్టిపడును. వెనుక స్ప్రింగున్న సైకిలులో అది కీళ్ల సందులకు గూడ చేరును. దానిని కడుగుట అంట్లు తోముటకంటె పెద్దపని.

మఱియొక సంగతి. ఎక్కి కూర్చుండగనే వెనుక షాకు తాను దిగవలసిన దూరములో 25 మొదలు 30 శాతము వఱకు దిగియుండవలెను. మంచి షాకులలో గాలి నింపుదురు. ఆ గాలి త్రొక్కువారి బరువునుబట్టి యుండవలెను. 80 కిలోల పురుషునికై నింపిన గాలి 55 కిలోల స్త్రీకి ఱాతివలె నుండును. ఇంటి పురుషులు తాము కూర్చుండి చూచి, ‘బాగున్నది’ అని కొని తెచ్చుటలోని చిక్కు ఇదియే. భర్తగారు చూచిన పదివేల సైకిలులో సాధారణముగా ఇనుప చుట్టయే కాని దాని ఊపును అణచు నూనె యేర్పాటు ఉండదు. త్రొక్కినపుడెల్ల ఉయ్యాలవలె ఊగి కాలిబలములో కొంత మ్రింగును. దానిని కొనవలదని మా స్పష్టమైన అభిప్రాయము.

కుమారుడు చెప్పినది నిజమైన వస్తువే. కాని దాని వెల సుమారు లక్షన్నర మొదలు పైకి పోవును. అంతటితో తీఱదు. ముందు ఫోర్కును 50 గంటల సవారికి ఒకసారి విప్పి నూనె మార్చవలెనని చేయువారే చెప్పుదురు. దినమున కొక గంట త్రొక్కినచో రెండు నెలలైనను నిండవు. ఆ పని చేతనైనవాడు హైదరాబాదులో దొరకును గాని మన వీధి చివర దుకాణమున దొరకుట కష్టము. వికారాబాదు దగ్గఱి అనంతగిరి కొండలలో కుమారునితో గూడ నెలనెల తిరుగుదునని ఆ సోదరి నిశ్చయించుకొన్నచో, కొనుడు; అది వృథా వ్యయము కాదు. కాలువకట్టపై ఉదయపు సవారికే యైనచో ముందు ఫోర్కు మాత్రము గలిగి, నూనె బ్రేకులున్నది చాలును. మిగిలిన సొమ్ము వారిదే. నడుమునకు మెత్తదనము కావలెనన్నచో రెండంగుళములకు మించిన వెడల్పు టైర్లు వేయించి గాలి కొంచెము తగ్గించినచో చాలవఱకు సమకూరును.

ఏది కొన్నను దుకాణమునకు త్రొక్కువారే పోవలెను. అడ్డుగొట్టమునకు ఇరువైపుల పాదములుంచి నిలిచినపుడు నడుమ రెండంగుళముల యెడ ముండవలెను. లేనిచో చిన్న కొలత అడుగుడు. వీధిలో పదినిమిషములు త్రొక్కనీయని దుకాణమున కొనవలదు.

మన బాటల తుమ్మముండ్లను, పల్లేరు కాయలను మఱువరాదు. ట్యూబు లేని టైరులో పోయు పాలవంటి ద్రవము చిన్న రంధ్రమును తానే మూయును. మన యెండలకు అది యెండిపోవును గనుక రెండు మూడు నెలల కొకసారి చూచుకొని పోయుచుండవలెను.

కోదాడ సోదరి యొకరు చీరతో త్రొక్కవచ్చునా యని అడిగినారు. ఈ సైకిళ్లకు చైను కవరుండదు, వెనుక చక్రమునకు జాలి యుండదు, కుచ్చెళ్లు చిక్కును. సల్వారు వేసికొని కుడికాలి అంచును పట్టీతో బిగించుకొనుడు.