మానెయ్యమనడం తేలికే

"ఇంకా ఎన్నాళ్ళు వేసుకుంటావే ఆ బిళ్ళలు? అలవాటైపోతాయి, మానెయ్!"

డిప్రెషన్‌కి మందు వాడుతున్న ఆడవాళ్ళలో ఈ మాట వినని వాళ్ళు ఒక్కరైనా ఉంటే చెప్పండి, వాళ్ళింటికొచ్చి వాళ్ళ అత్తగారికి దణ్ణం పెట్టి వెళ్తాను. ఆ మాటకొస్తే అత్తగారొక్కరే కాదు. కన్నతల్లి అంటుంది, ఆడపడుచు అంటుంది, పెళ్ళిలో పక్క కుర్చీలో కూర్చున్న దూరపు చుట్టం కూడా అంటుంది. బీపీ బిళ్ళ వేసుకునే మామగారిని గానీ, షుగర్ బిళ్ళ వేసుకునే బాబాయిని గానీ, థైరాయిడ్ బిళ్ళతో రోజు మొదలుపెట్టే వదినని గానీ ఎవరూ ఇలా నిలదియ్యరు. పైగా మర్చిపోతే గుర్తుచేస్తారు. మనసుకి వేసుకునే బిళ్ళ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఊరందరూ డాక్టర్లే.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ మందులు జన్మంతా వేసుకోమని నేను చెప్పడం లేదు. చాలామంది మానెయ్యొచ్చు, మానేస్తారు కూడా. మొదటిసారి వచ్చిన డిప్రెషన్ అయితే, పూర్తిగా నెమ్మదించాక కనీసం ఇంకో 6 నెలలు కొనసాగించి, ఆ తర్వాత మానడం గురించి ఆలోచించడం మామూలు పద్ధతి. నా గొడవల్లా రెండిటి మీద. రాత్రికి రాత్రి మానెయ్యమని హుకుం వెయ్యడం ఒకటి. అలా మానేశాక ఆ మనిషి ఒంట్లో జరిగేదాన్ని చూసి "చూశావా, నీ జబ్బు ఇంతే" అని తీర్పు చెప్పడం రెండోది. మొదటిది తెలియనితనం. రెండోది అన్యాయం.

మానేస్తే ఏమవుతుందో ఎవరూ విడమరచి చెప్పరు కాబట్టి చెప్పుకుందాం. హఠాత్తుగా ఆపిన రెండు మూడు రోజుల్లో తల తిరగడం మొదలవుతుంది. తల పక్కకి తిప్పినా, కళ్ళు అటూ ఇటూ కదిపినా తల లోపల సన్నగా కరెంటు షాకు కొట్టినట్టుంటుంది. కడుపులో తిప్పుతుంది. జలుబూ జ్వరం వచ్చే ముందులా ఒళ్ళు నొప్పులు, చెమటలు. నిద్ర పట్టదు, పట్టినా పీడకలలు. చిన్నమాటకే ఏడుపు, అంతకంటే చిన్నమాటకి కోపం. కొందరికి గుండెదడ, ఊరికే భయం. చాలామందికి ఇవి వారం రెండు వారాల్లో సర్దుకుంటాయి. కొందరికి మాత్రం నెలల తరబడి వేధిస్తాయి. ఎక్కువ కాలం వాడినవాళ్ళకి, ఎక్కువ మోతాదులో వాడినవాళ్ళకి, హఠాత్తుగా ఆపినవాళ్ళకి ఈ బాధ ఎక్కువ.

అన్ని మందులూ ఒకటి కావు. పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ లాంటివి ఒంట్లోంచి తొందరగా వెళ్ళిపోతాయి, అందుకే వాటిని ఆపితే తాకిడి త్వరగా, గట్టిగా తగులుతుంది. ఫ్లూయోక్సెటిన్ వారాలపాటు ఒంట్లో నిలిచి నెమ్మదిగా దిగుతుంది కాబట్టి దానితో బాధ సాధారణంగా తక్కువ, వచ్చినా ఆలస్యంగా వస్తుంది.

ఇదంతా వ్యసనమేమో అంటారు. కాదు. వ్యసనమంటే దానికోసం మనసు పీకడం, మోతాదు పెంచుకుంటూ పోవడం, ఇల్లూ వాకిలీ మరిచిపోవడం. ఈ బిళ్ళ కోసం ఎవరూ అర్ధరాత్రి మందుల షాపు తలుపు తట్టరు. మెదడు కొన్ని నెలలుగా ఒక మందుతో సర్దుకుని ఉంది, దాన్ని ఒక్కసారిగా లాగేస్తే తడబడుతుంది. అంతే. స్టెరాయిడ్ బిళ్ళలు వారాల తరబడి వాడితే డాక్టరు మోతాదు కొంచెం కొంచెం తగ్గిస్తారు. గుండెకిచ్చే మెటోప్రోలాల్ లాంటివీ ఉన్నపళంగా ఆపకూడదంటారు. వాటిని వాడేవాళ్ళని మనం వ్యసనపరులంటున్నామా?

నేను తెలుగు బీఏ చదివినదాన్ని. నాకు మాటల మీద కోపాలెక్కువ. ఈ బాధకి మన పత్రికలు పెట్టిన పేరు "ఉపసంహరణ లక్షణాలు". నామినేషన్ ఉపసంహరణ విన్నాం, సైన్యాల ఉపసంహరణ విన్నాం. పొయ్యి ముందు నిలబడి తల తిరిగి గట్టు పట్టుకున్న మనిషి, "నాకు ఉపసంహరణగా ఉంది" అని ఎవరితో చెప్పుకుంటుంది? బాధకి సొంత మాట లేకపోతే పక్కవాళ్ళే దానికో మాట అంటగడతారు. "మళ్ళీ మొదలైంది", "వేషాలు", "పని ఎగ్గొట్టడానికి". నేనైతే "మందు మానిన బాధ" అంటాను. పసిపిల్లకైనా అర్థమవుతుంది.

మాటల మాయ మనకే కాదు, పాశ్చాత్య వైద్యులకీ ఉంది. 1990లలో ఈ బాధకి "విత్‌డ్రాయల్" అనే మాట వాడకుండా "డిస్‌కంటిన్యుయేషన్ సిండ్రోమ్" అనే మెత్తటి పేరు ప్రచారంలోకి వచ్చింది. ఆ పేరు మీద 1996లో నిపుణుల సమావేశం జరిగితే, దానికి డబ్బు పెట్టింది ప్రోజాక్ తయారుచేసే ఎలై లిల్లీ కంపెనీయే. ఆ తర్వాత చాలా ఏళ్ళు "స్వల్పం, ఒకటి రెండు వారాల్లో పోతుంది" అనే మాటే చెలామణీ అయింది. 2019లో బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్ తన మాట మార్చుకుని, కొందరికి ఈ బాధ తీవ్రంగా, దీర్ఘంగా ఉండొచ్చని ఒప్పుకుంది. అంతవరకూ బాధపడ్డవాళ్ళ మాటని ఎంతమంది నమ్మి ఉంటారు?

అలాగని భయపెట్టే లెక్కలూ నమ్మకండి. 2024లో లాన్సెట్ సైకియాట్రీలో ఎన్నో పరిశోధనలని కలిపి చూశారు. మందు ఆపినవాళ్ళలో నూటికి సుమారు 31 మందికి ఏదో ఒక బాధ కనిపించింది. ఉత్తుత్తి బిళ్ళ ఆపినవాళ్ళలోనూ 17 మందికి కనిపించింది. అంటే నిజంగా మందు ఆపడం వల్ల వచ్చింది ఆరేడుగురిలో ఒకరికి. తీవ్రమైన బాధ నూటికి ముగ్గురి లోపు. ఆ ముగ్గురిలో మనం ఉంటే మాత్రం నూరు సంగతి మనకెందుకు?

ఇక మన డాక్టర్ల దగ్గరికొస్తాను. అందరూ అని కాదు. ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పేవాళ్ళున్నారు, వాళ్ళకి నమస్కారం. కానీ బయట యాభైమంది, లోపల ఐదు నిమిషాలు. మొదలుపెట్టేటప్పుడు "నిద్ర బాగా పడుతుందమ్మా" అంటారు. ఆపేటప్పుడు "రోజు మార్చి రోజు వేసుకుని ఆపెయ్యండి" అంటారు. ఈ రోజు మార్చి రోజు లెక్క చూడండి. ఎస్సిటలోప్రామ్ ఒంట్లో సుమారు 30 గంటలకి సగమవుతుంది. 48 గంటలకోసారి వేసుకుంటే రెండో బిళ్ళ పడేసరికి మూడో వంతే మిగులుతుంది. అంటే రెండు రోజులకోసారి మెదడుని ఎక్కించి దించడం. తగ్గించాల్సింది రోజువారీ మోతాదుని, రోజులని కాదు.

ఆ తగ్గించడం కూడా సమానమైన ముక్కలుగా కాదు. పది దీపాలున్న గదిలో ఒకటి ఆర్పితే తెలియదు. ఒక్కటే ఉన్నప్పుడు ఆర్పితే చీకటి. సిటలోప్రామ్ 20 మిల్లీగ్రాముల దగ్గర మెదడులో అది పట్టుకోవాల్సిన చోట్లలో నూటికి సుమారు 80 పట్టుకుంటుంది. 5 మిల్లీగ్రాములకి తగ్గించినా సగానికి పైనే పట్టుకుని ఉంటుంది. కాబట్టి 20 నుంచి 10కి దిగడం తేలిక, 5 నుంచి సున్నాకి దిగడం కష్టం. కిందికి వెళ్ళేకొద్దీ అడుగులు చిన్నవి కావాలి. "ఇంక ఇంత చిన్న బిళ్ళేగా, పారెయ్" అనే మాట దగ్గరే చాలామంది పడిపోతారు. అలాగని బిళ్ళల్ని ఇంట్లో మన ఇష్టమొచ్చినట్టు ముక్కలు చెయ్యకూడదు. నెమ్మదిగా విడుదలయ్యే రకాల్ని విరగ్గొడితే మందంతా ఒక్కసారే దిగుతుంది. తక్కువ మోతాదు ఎలా దొరుకుతుందో డాక్టర్నే అడగాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. మన దగ్గర ఎస్సిటలోప్రామ్, క్లోనాజెపామ్ కలిపిన బిళ్ళ బాగా రాస్తారు. వేసుకునే మనిషికి అందులో రెండు మందులున్నాయని కూడా తెలియదు. దాన్ని టపీమని ఆపితే రెండు మందులు ఒకేసారి ఆపినట్టు. చాలాకాలం వాడిన క్లోనాజెపామ్ హఠాత్తుగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. మీ అట్ట వెనక్కి తిప్పి ఈరోజే చదవండి.

ఇప్పుడు ఇంట్లోవాళ్ళ సంగతి. మానిన నాలుగో రోజున ఆవిడ గిన్నె జారవిడిచింది, పిల్లాడి మీద అరిచింది, స్నానాలగదిలో ఏడ్చింది. వెంటనే తీర్పు: జబ్బు తిరగబెట్టింది. అవ్వచ్చు, కాకపోవచ్చు. తేడా పట్టుకోవడానికి కొన్ని గుర్తులున్నాయి. మందు మానిన బాధ సాధారణంగా రోజుల్లోనే వస్తుంది. ముందెప్పుడూ లేని తలతిప్పుడు, షాకుల్లాంటివి దానితో ఉంటాయి. మందు మళ్ళీ మొదలుపెడితే చాలాసార్లు ఒకటి రెండు రోజుల్లోనే తగ్గుతుంది. జబ్బు తిరగబెట్టడం సాధారణంగా వారాలు, నెలలు గడిచాక మెల్లగా కమ్ముకొస్తుంది, మందు మొదలుపెట్టినా తగ్గడానికి వారాలు పడుతుంది. ఈ తేడా తెలియకపోతే ఆవిడకి రెండు విధాలా నష్టం. అక్కర్లేని మందు ఏళ్ళ తరబడి వాడాల్సి రావచ్చు, లేదా నిజంగా జబ్బు తిరగబెట్టినా "మానినందుకేలే" అని వదిలేయొచ్చు. ఏది ఏదో తేల్చాల్సింది డాక్టరు, హాల్లో సోఫా కాదు.

ఆడవాళ్ళకి ఇది ఇంకా ఎందుకు కష్టమంటే, మానే సమయం కూడా మన చేతిలో ఉండదు. సంబంధం కుదిరింది, అవతలివాళ్ళకి తెలియకూడదు, మానెయ్. కడుపు వచ్చింది, బిడ్డకి మంచిది కాదు, మానెయ్. గర్భంలో కొన్ని మందులు మార్చాల్సిన మాట నిజమే. కానీ తల్లి మనసు కుప్పకూలడం బిడ్డకి మంచిదా? 2006లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో, పాత డిప్రెషన్ ఉండి గర్భం కోసం మందు ఆపేసినవాళ్ళలో నూటికి 68 మందికి జబ్బు తిరగబెట్టింది. కొనసాగించినవాళ్ళలో 26 మందికి. ఆ రెండిటినీ తూచి చెప్పడానికి డాక్టర్లున్నారు. అత్తగారి భయం, ఆడపడుచు వాట్సాప్ తూకపు రాళ్ళు కావు.

"ఇంత బాధ ఉంటే అసలు మొదలుపెట్టడమే తప్పు కదా" అని కొందరు తెలివిగా అంటారు. ఊబిలో ఉన్న మనిషికి తాడు అందించేటప్పుడు, రేపు చేతికి ఒరుపు పుడుతుందని తాడు లాక్కుంటామా? ఆ తాడు వల్లే లేచి వంట చేసి, పిల్లల్ని పెంచి, బతికి ఉన్నవాళ్ళు ఎంతోమంది. 2021లో ఇంగ్లండ్‌లో, బాగానే ఉన్నామనుకుని మానాలని ఆలోచిస్తున్నవాళ్ళ మీద జరిగిన పరీక్షలో, మెల్లగా మానినవాళ్ళలో ఏడాదిలో నూటికి 56 మందికి డిప్రెషన్ తిరగబెట్టింది, వాడుతూ ఉన్నవాళ్ళలోనూ 39 మందికి తిరగబెట్టింది. అంటే మానినా నిలబడేవాళ్ళున్నారు, వాడినా పడేవాళ్ళున్నారు. అందరికీ ఒకటే సలహా ఇచ్చేవాళ్ళ నోటికి ఈ లెక్క చాలు.

యోగా, ధ్యానం, నడక, పూజ, ఏదైనా చెయ్యండి, మంచిదే. మందు తగ్గిస్తూ వాటిని పక్కన పెట్టుకోండి. మందు స్థానంలో ఒక్క రోజులో వాటిని కూర్చోబెట్టకండి.

మరి ఏం చెయ్యాలి? భర్తలకి చెప్తున్నాను: మోతాదు తగ్గించిన ప్రతిసారీ రెండు వారాలపాటు పొద్దున వంటిల్లు మీది. తల తిరిగే మనిషిని స్కూటీ ఇచ్చి పిల్లల్ని దింపి రమ్మనకండి. పిల్లల పరీక్షల నెలలో, పండగ ముందు, ఇంట్లో పెళ్ళి పెట్టుకుని మానడం మొదలుపెట్టనివ్వకండి. ఆవిడ అరిస్తే ఆ అరుపుకి జవాబు రెండు వారాల తర్వాత ఇవ్వండి. అప్పటికి అవసరం ఉండదు.

అత్తగార్లకి, అమ్మలకి: "ఎప్పుడు మానేస్తావు" బదులు "ఈ వారం ఎలా ఉందమ్మా" అనండి.

మందు వాడుతున్న అక్కలకీ చెల్లెళ్ళకీ: ఎవరికీ చెప్పకుండా దొంగచాటుగా మానకండి. తగ్గించే లెక్క డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మన వైద్యం గురించి, మందు వల్ల వచ్చే ఇబ్బందుల గురించి మనకి అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు మనకుంది. అడగడం పొగరు కాదు. క్యాలెండర్ మీద మోతాదు, ఒంట్లో తేడా రోజూ రాసుకోండి. బాధ భరించలేనిదైతే ముందు మెట్టుకి తిరిగి వెళ్ళడం గురించి డాక్టర్ని అడగండి, అది ఓటమి కాదు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క గంట కూడా ఆగకండి. ఇంట్లో చెప్పండి, ఆస్పత్రికి వెళ్ళండి, టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. ప్రభుత్వానిదే, పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

మందు మొదలుపెట్టిన రోజున మనల్ని ఎవరూ సరిగ్గా అడగలేదు. మానే రోజునైనా మన మాట, మన ఒళ్ళు, మన వేగం లెక్కలోకి రావాలి. "మానెయ్" అనేవాళ్ళు ఇంకోసారి ఆ మాట అనే ముందు, మానే ఆ నెలల్లో ఈ ఇంటి చాకిరీలో తాము ఏ పని పంచుకుంటారో అది చెప్పి, తర్వాత అనమనండి.