అత్తవారి దేశము

పొరుగూరి కోడలికే అత్తవారింటి వంటరుచి, మాటతీరు అలవడుటకు ఏడాది పట్టును. ఇక సముద్రమునకావల అత్తవారిల్లైనచో?

ఢాకా నగరపు వంగవనిత హరిప్రభ, జపానుదేశీయుడగు ఉయెమోన్ తకేదాను పెండ్లాడి, కొన్నేండ్లకు, 1912లో, ఓడనెక్కి అత్తవారిని చూడబోయెను. 1915లో ఆ యాత్రను వంగభాషలో పుస్తకముగ వెలువరించెను.

వాకిట పాదరక్షలు విడుచుట, చాపలపై గూర్చుండుట జపానువారికిని ఆచారమే. అంతవరకు మన యిల్లే యనిపించును. అన్నమును మాత్రము రెండు పుల్లలతో తినవలెను! చేతితో కలుపుకొని తిన్నవారికి ఆకలివేళ అదెంత పరీక్షయో మేమూహింపగలము. అంతకంటె కష్టము భాష. తలనొప్పియని అత్తకు జెప్పుకొన మాటరానిచోట, ఎంత చదివిన కోడలైనను పసిబిడ్డయే. అన్నియు కోడలే నేర్వవలెనా? అత్తయు నాలుగు మాటలు నేర్చిన తప్పేమని మా ప్రశ్న.

హరిప్రభ కొన్ని నెలలకే తిరిగివచ్చెను. 1941లో మరల భర్తతో జపాను చేరెను. యుద్ధకాలమున టోకియో రేడియోలో ఆజాద్ హింద్ ఫౌజు పక్షమున వంగభాషలో వార్తలు చదివెను.